అచ్చుల చెట్టు: జుసెప్పె పెనోనె లోహవృక్షాలలో స్పర్శ, కాలం

వ్యాస సంగ్రహం

లోహంతో చెట్టును రూపొందించిన శిల్పాన్ని అంచనా వేసేటప్పుడు మన విమర్శ సాధారణంగా పోలికనే కొలతగా స్వీకరిస్తుంది. ఇటలీకి చెందిన శిల్పి జుసెప్పె పెనోనె 1968 నుంచి చేస్తూ వచ్చిన వృక్షశిల్పాలకు ఈ కొలత చాలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అతని శిల్పంలో లోహం చెట్టును అనుకరించడం కంటే, చెట్టుకూ మరొక దేహానికీ మధ్య జరిగిన స్పర్శను నిలిపి ఉంచుతుంది. ఈ లక్షణాన్ని వివరించడానికి తెలుగులోని 'అచ్చు', 'చేవ', 'చిలుము' అనే మూడు మాటలను పరిభాషగా ఉపయోగించి, ఆ శిల్పాల బలాన్నీ పరిమితులనూ పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: లోహశిల్పం, అనుకృతి, అచ్చు, చేవ, మైనపు పోత, వృక్షకాలం, పెనోనె

1. ప్రవేశిక

శిల్పాన్ని చూసి 'ప్రాణం ఉట్టిపడుతోంది' అనడం మన వ్యవహారంలో పెద్ద ప్రశంస. శిల్పం చెట్టుదైతే ఆ ప్రశంస 'అచ్చుగుద్దినట్టు నిజమైన చెట్టే' అన్న మాటగా మారుతుంది. రెండు ప్రశంసల వెనుకా ఉన్న కొలత ఒకటే. మూలానికి ఎంత దగ్గరగా ఉంటే శిల్పం అంత గొప్పదన్న నమ్మకం రెండింటిలోనూ ఉంది.

ఈ నమ్మకం మన అలంకారశాస్త్రంలో ఎన్నడో చర్చకు వచ్చింది. నటుడు రాముణ్ణి అనుకరిస్తాడనీ, చిత్రంలోని గుర్రాన్ని చూసి గుర్రమని గ్రహించినట్లే ప్రేక్షకుడు నటునిలో రాముణ్ణి గ్రహిస్తాడనీ శంకుకుడు చెప్పాడు. అదే చిత్రతురగ న్యాయం. అభినవగుప్తుని గురువైన భట్టతౌతుడు ఈ అనుకరణవాదాన్ని ఖండించాడు. కళానుభవానికి అనుకృతి మూలం కాజాలదన్న ఆ ఖండనను కావ్యనాటకాల విషయంలో మన విమర్శ జీర్ణించుకుంది. శిల్పం దగ్గరకు వచ్చేసరికి మాత్రం మళ్ళీ చిత్రతురగం దగ్గరే ఆగిపోతున్నాం. సంజీవదేవ్ వంటివారు దృశ్యకళలను గురించి తెలుగులో ఆలోచించే మార్గం చూపినా, విశ్వవిద్యాలయ పరిశోధన ఆ మార్గంలో సాగింది తక్కువ.

దీనిని కేవలం శాస్త్రచర్చగా తీసివేయడానికి వీలులేదు. రహదారుల విస్తరణకు నీడనిచ్చే చెట్లను కొట్టివేయడమూ, నగర కూడళ్ళలో విద్యుద్దీపాలు తొడిగిన లోహపు చెట్లను నిలపడమూ మనం చూస్తున్నదే. పోలిక ఒక్కటే కొలత అయితే, ఆ అలంకార వస్తువుకూ గంభీరమైన శిల్పానికీ తేడా ఏమిటో విమర్శ చెప్పలేదు. చెట్టు పోయిన చోట దాని బొమ్మ చాలునన్న ధోరణికి సమాధానమూ ఇవ్వలేదు. లోహవృక్షం సజీవవృక్షానికి బదులుగా నిలుస్తున్నదా, లేక దానివైపు మన చూపును మళ్ళిస్తున్నదా అన్న ప్రశ్నకు బదులు చెప్పగల పరిభాష మనకు కావాలి. పెనోనె శిల్పాలు ఆ పరిభాషను వెతుక్కోవడానికి తగిన ఆకరాలు.

2. లోహవృక్షం: మూడు మార్గాలు

పెనోనె ప్రత్యేకతను గుర్తించడానికి సమకాలీన శిల్పంలోని మరి రెండు మార్గాలను ముందుగా పరిచయం చేయాలి.

మొదటిది అమెరికా శిల్పి రాక్సీ పెయిన్ మార్గం. అతడు తుప్పుపట్టని ఉక్కు గొట్టాలనూ కడ్డీలనూ వంచి, అతికి, నిలువెత్తు చెట్లను నిర్మిస్తాడు. 2007లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ పార్కులో నిలిపిన 'కన్‌జాయిన్డ్', 2009లో మెట్రొపాలిటన్ మ్యూజియం పైకప్పు మీద పరచిన 'మేల్‌స్ట్రామ్' ఈ వరుసలో ప్రసిద్ధమైనవి. పెయిన్ ఏ ఒక్క చెట్టుకూ నకలు తీయడు. మాను నుంచి కొమ్మ ఏ కోణంలో చీలుతుందో, చీలిన ప్రతిచోటా మందం ఎంత తగ్గుతుందో, వెలుగు కోసం రెమ్మ ఎటు వంగుతుందో గమనించి, ఆ సూత్రాలతో లోకంలో లేని చెట్టును పుట్టిస్తాడు. పరిశ్రమలలో ద్రవాలను మోసే గొట్టమే ఇక్కడ కొమ్మ అవుతుంది. దీనిని వ్యాకరణ మార్గం అనవచ్చు. సూత్రం తెలిసినవాడు ఎన్ని ప్రయోగాలైనా సాధించగలడు.

రెండవది సుబోధ్ గుప్తా మార్గం. 2014లో ఢిల్లీ జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాలలో జరిగిన అతని ప్రదర్శనలో 'దాదా' అనే ఉక్కు మర్రిచెట్టు ఉంది. దాని కొమ్మలకు స్టీలు గిన్నెలు, చెంబులు, బకెట్లు గుత్తులుగా వేలాడుతుంటాయి. దాదా అంటే తాత. మర్రి వంశానికి సంకేతం, గిన్నె సంసారానికి సంకేతం. ఈ రెండింటి అభేదాన్ని చెప్పిన ఈ శిల్పం రూపక మార్గానికి చెందుతుంది. తిరుమల బ్రహ్మోత్సవాలలో ఊరేగే కల్పవృక్ష వాహనం కూడా, భక్తి సందర్భం వేరైనప్పటికీ, ఒక భావానికి రూపం కట్టిన చెట్టే. అది ఏ తోటలోనూ పెరిగిన చెట్టు కాదు.

ఈ రెండు మార్గాలలోనూ ఒకానొక చెట్టు అవసరం లేదు. చెట్టుదనం ఉంటే చాలు. మూడవదైన పెనోనె మార్గంలో ఒకానొక చెట్టు తప్పనిసరి. ఏదో ఒక చోట, ఏదో ఒక సంవత్సరంలో, ఆ చెట్టును ఎవరో తాకి ఉండాలి. ఈ మార్గాన్నే ఈ వ్యాసం 'అచ్చు' అని వ్యవహరిస్తుంది.

'అచ్చు' అన్న మాటకు తెలుగులో ఉన్న విస్తృతి ఇక్కడ ఉపకరిస్తుంది. బెల్లం పాకం పోసే మూస అచ్చు. పుస్తకం మీద పడిన అక్షరం అచ్చు. దేవుని పేర విడిచిపెట్టే కోడెకు వేసే ముద్ర కూడా అచ్చే. 'అచ్చోసిన ఆంబోతు' అన్న వాడుక దాని నుంచే పుట్టింది. ఈ అర్థాలన్నిటిలోనూ సామాన్యంగా ఉన్నది తాకిడి. రెండు వస్తువులు ఒకదాన్నొకటి తాకకుండా అచ్చు పడదు. చిత్రపటం దూరం నుంచి చూసి గీయగలిగినది. అచ్చు దగ్గరకు వెళ్ళి తీసుకోవలసినది. పాశ్చాత్య సంకేతశాస్త్రంలో పియర్స్ పోలిక వల్ల ఏర్పడే ప్రతిమకూ, భౌతిక సంబంధం వల్ల ఏర్పడే సూచికకూ మధ్య చేసిన భేదం ఇటువంటిదే. అమరావతి శిల్పులు బుద్ధుణ్ణి మానవాకృతిలో చూపని చోట్ల పాదముద్రలనూ బోధివృక్షాన్నీ చూపారు. రూపం కంటే స్పర్శ బలమైన సాక్ష్యం కాగలదన్న ఎరుక మన శిల్పసంప్రదాయానికి కొత్త కాదు.

3. చెట్టును పట్టుకున్న చేయి

పెనోనె 1947లో ఇటలీ వాయవ్య ప్రాంతమైన పీడ్‌మాంట్‌లో, ఆల్ప్స్ పర్వతాల దక్షిణపు కొసన ఉన్న గరెస్సియో అనే ఊరిలో జన్మించాడు. ట్యూరిన్‌లోని లలితకళా అకాడమీలో చదివాడు. ఆనాటి ఇటలీలో మట్టి, కర్ర, గుడ్డ, బొగ్గు వంటి సామాన్య పదార్థాలతో పనిచేసిన యువ కళాకారుల ధోరణికి విమర్శకుడు జెర్మానో చెలాంత్ 1967లో 'ఆర్తె పోవెరా', అంటే 'పేద కళ' అని పేరుపెట్టాడు. ఆ బృందంలో చిన్నవాడైన పెనోనె 1968లో తన ఊరి అడవికి వెళ్ళి చేసిన పనులే అతని శిల్పానికి పునాది.

వాటిలో ముఖ్యమైనది ఒక లేతచెట్టు మీద చేసిన పని. పెనోనె దాని కాండాన్ని పిడికిలితో పట్టుకున్నాడు. ఆ పట్టును లోహంలో పోతపోయించి, అదే చోట చెట్టుకు అమర్చి వదిలేశాడు. దాని పేరు 'ఆ ఒక్కచోట తప్ప అది పెరుగుతూనే ఉంటుంది' అని అర్థమిచ్చే ఒక పూర్తి వాక్యం. భవిష్యత్‌కాలంలో ఉన్న ఆ వాక్యమే శిల్పానికి సగం. శిల్పి చేసిన పని ఒక్క రోజుది. మిగిలిన దశాబ్దాల పని చెట్టుది. కాండం లావెక్కుతూ లోహపు వేళ్ళను ఒరుసుకుని ఉబ్బింది. బెరడు పిడికిలి చుట్టూ పొర్లి, క్రమంగా దాన్ని తనలోకి తీసుకుంది.

ఈ శిల్పానికి ఆధారం వృక్షశాస్త్రంలోని ఒక సామాన్య సత్యం. చెట్టు ఎత్తు పెరిగేది కొమ్మల కొసలలో. కాండం పెరిగేది అడ్డంగా, బెరడుకూ కర్రకూ మధ్యనున్న పలుచని విభాజ్య కణజాలం వల్ల. అందుచేత కాండం మీద పడిన గుర్తు చెట్టుతోపాటు పైకి లేవదు. ఛాతీ ఎత్తున పట్టుకున్న చేయి యాభై ఏళ్ళ తరువాత కూడా ఛాతీ ఎత్తునే ఉంటుంది. కానీ అది క్రమక్రమంగా లోతుకు పోతుంది. గతం కిందికో వెనక్కో పోకుండా లోపలికి పోవడం చెట్టుకు మాత్రమే తెలిసిన కాలగతి. ఈ వ్యాసం దీనినే 'వృక్షకాలం' అంటుంది.

ఇక్కడ లోహం పాత్ర గమనించదగినది. అందమైన వస్తువుగా నిలిచే పని దానికి లేదు. పెరగకుండా ఉండడమే దాని పని. పెరిగే చెట్టు పక్కన పెరగని చేయి ఉన్నందువల్లనే పెరుగుదల కంటికి కనిపిస్తున్నది. నీటిమట్టం తెలియడానికి చెరువులో రాయి పాతినట్లు, చెట్టు కాలాన్ని కొలవడానికి పాతిన గుర్తు ఈ లోహపు చేయి. 'మానవుడు ప్రకృతిపై వేసిన ముద్ర' అని దీనిని చదివితే సగమే చదివినట్లు. ముద్ర వేసిన చేతిని చెట్టు మింగుతున్నదన్న రెండవ సగంలోనే శిల్పం నైతిక బలం ఉంది. పట్టుకున్నవాడు చివరకు పట్టుబడ్డాడు.

4. చేవలోని బాలవృక్షం

మరుసటి ఏడాది, 1969లో, పెనోనె ఇదే ఆలోచనను తలకిందులు చేశాడు. కోతమిల్లులో చెక్కిన దూలాన్ని తీసుకుని, దాని కొసన కనిపించే వార్షిక వలయాలలో ఒకదాన్ని ఎంచుకుని, ఆ వలయం వెలుపల ఉన్న కర్రనంతా ఉలితో తొలిచాడు. దూలం పైకి కనిపించే ప్రతి ముడీ ఒకప్పటి కొమ్మ మొదలు. ఆ ముడులను చెడగొట్టకుండా లోపలి వరకూ అనుసరిస్తూ పోతే, నలుచదరపు దూలం నడుమ సన్నని లేతచెట్టు తన చిరుకొమ్మలతో బయటపడుతుంది. ఆ తొలి ప్రయత్నానికి పెట్టిన పేరులో చెట్టు ఇరవై రెండవ ఏటి ప్రస్తావన ఉంది. శిల్పికి కూడా అప్పుడు ఇరవై రెండేళ్ళే. లండన్‌లోని టేట్ సేకరణలో ఉన్న 'పన్నెండు మీటర్ల చెట్టు' (1980–82) ఈ వరుసలో పేరుపొందినది. 1999 డిసెంబరు తుఫానులో వెర్సాయ్ ఉద్యానంలో కూలిన ఒక మహా దేవదారు మానులో కూడా అతడు దాని బాల్యాన్ని ఇలాగే తొలిచి చూపాడు.

ఇవి లోహశిల్పాలు కావు. అయినా పెనోనె లోహాన్ని అర్థం చేసుకోవడానికి ఇవి అవసరం. అందుకు తెలుగులోని 'చేవ' అన్న మాట దారిచూపుతుంది. మాను నడుమ ముదురు రంగులో గట్టిపడిన కర్రను చేవ అంటాం. మనిషిలోని సత్తువనూ సమర్థతనూ చేవ అనే అంటాం. ఆ మాటలోని విశేషం ఏమిటంటే, చెట్టులో చేవ జీవం పోయిన భాగం. నీరు ఎక్కేది వెలుపలి కర్రలో. పెరుగుదల జరిగేది బెరడు కింద. చేవ ఏ జీవక్రియలోనూ పాలుపంచుకోకుండా బ్రతికి ఉన్న చెట్టును నిలబెట్టడానికి తోడ్పడుతుంది. పోయిన ఏళ్ళన్నీ కలిసి నేటి ఏటిని మోస్తున్నాయి. మనిషి బలానికి చెట్టులోని నిర్జీవ భాగం పేరు పెట్టిన మన భాషలో ఈ ఎరుక ముందే ఉంది.

దూలాలను తొలిచిన పెనోనెకు చెట్టు ఒక స్థిరాకృతిగా కాక, తన పూర్వరూపాలన్నిటినీ కడుపులో దాచుకున్న కాలరాశిగా తెలిసింది. తరువాత అతడు కంచును చేపట్టినప్పుడు దానికి ఇచ్చిన స్థానం చేవ స్థానమే. కంచు జీవించదు. జీవించినదాని ఆకారాన్ని మోస్తుంది.

5. మైనం, పోత, చిలుము

పేద పదార్థాల కళాకారుడు ప్రభువుల విగ్రహాలకు వాడే కంచును ఎందుకు ఎంచుకున్నాడన్న ప్రశ్న సహజం. దీనికి సమాధానం పోతపోసే విధానంలోనే ఉంది.

మైనపు పోత మనకు చిరపరిచితం. చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన 'మానసోల్లాసం' ఈ విధానాన్ని వివరిస్తూ, మైనం తూకాన్ని బట్టి లోహం తూకాన్ని నిర్ణయించమంటుంది. శాస్త్రగ్రంథాలు దీనిని మధూచ్ఛిష్ట విధానమన్నాయి. తేనె పోగా మిగిలినది, అంటే మైనం, అని ఆ మాటకు అర్థం. ఆదిలాబాద్ ప్రాంతంలో గోండుల దేవతామూర్తులనూ ఆభరణాలనూ చేసే ఓఝాలు నేటికీ మట్టి ముద్ద మీద మైనపు తీగలు చుట్టి, పైన మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహాన్ని పోస్తారు. చివరకు మట్టిని పగలగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది. అందువల్ల ఒక అచ్చుకు ఒకే బొమ్మ.

ఈ ప్రక్రియలో సృష్టి జరిగేది ఒక లేమి ద్వారా. మైనం తాను లేకుండా పోతూ తన ఆకారాన్ని ఖాళీగా విడిచి వెళుతుంది. లోహం ఆ ఖాళీని ధరిస్తుంది. లోహం లోపలికి చేరడానికీ గాలి బయటికి పోవడానికీ అమర్చే గొట్టాలు కూడా కొమ్మల్లా చీలుతూ పోతాయి. చెట్టులో ద్రవం వేరు నుంచి కొసకు ఎక్కుతుంది. పోతలో సుమారు 1000 డిగ్రీల వేడిమి గల లోహద్రవం కొసల దాకా పారి గడ్డకడుతుంది. చెట్టును కంచులో పోయడం పెనోనెకు చెట్టు పెరిగిన తీరును మరొక పదార్థంలో మళ్ళీ జరిపించడం వంటిది.

2012లో లండన్‌లోని వైట్‌చాపెల్ గ్యాలరీలో ప్రదర్శించిన 'వెలుగు చోటు' అనే శిల్పంలో ఈ ఆలోచన స్పష్టంగా కనిపిస్తుంది. పన్నెండు మీటర్ల పొడవున్న కంచు మాను ముక్కలు ముక్కలుగా, కొమ్మల మొదళ్ళ మీద ఆనుకుని అడ్డంగా నిలిచి ఉంటుంది. లోపల చెట్టు లేదు. ఉండవలసిన చోట బంగారు పూత మెరిసే ఖాళీ ఉంది. చెట్టు మానును కప్పిన మైనపు పొర కంచుగా మారింది కనుక, ఆ పొర వెలుపలి తలం మీద మైనాన్ని అద్దిన పనివారి వేలిముద్రలు నిలిచాయి. లోపలి తలం బెరడు తాకిడి, వెలుపలి తలం వేళ్ళ తాకిడి. వాటి నడుమ ఉన్న కంచు మందం చెట్టు తన మీద తాను వేసుకోని, మనుషులు వేసిన ఒక వార్షిక వలయం. 1968లో ఒక్క శిల్పి చేయి ఉన్న చోట ఇక్కడ పేరులేని పనివారి చేతులెన్నో చేరాయి. ఓఝాల బొమ్మల మీద మైనపు తీగ చుట్టిన వేళ్ళ జాడను చూసినవారికి ఈ తలం పరాయిది కాదు.

కంచును ఎంచుకోవడానికి మరొక కారణం దాని రంగు. ఆరుబయట ఉన్న కంచు గాలికీ తడికీ మెల్లగా పచ్చబారుతుంది. అది బెరడునూ ఆకునూ పోలిన రంగుకు తిరుగుతుందన్నది పెనోనెకు ముఖ్యమైన విషయం. మనం దానిని చిలుము అంటాం. మన ఇళ్ళలో కంచు, రాగి పాత్రలకు పట్టిన చిలుమును చింతపండుతో తోమి వదిలిస్తాం. వంటింటికి చిలుము విషం, అశుభ్రం. అతని శిల్పానికి మాత్రం అది రుతువుల రాక. తోమి మెరిపించిన లోహం తన వయస్సును దాచుకుంటుంది. చిలుము పట్టనిచ్చిన లోహం వానను లెక్కపెట్టుకుంటుంది. ఎప్పటికీ మెరిసేలా తుప్పుపట్టని ఉక్కును ఎంచుకున్న పెయిన్‌కూ, పచ్చబారే కంచును ఎంచుకున్న పెనోనెకూ కాలం విషయంలో ఉన్న భేదం ఇదే.

6. అచ్చుల చెట్టు

పారిస్‌లోని ట్యూలరీ ఉద్యానంలో, పొదలూ గడ్డీ స్వేచ్ఛగా పెరిగిన ఒక మూలలో, వేళ్ళతో సహా పెకలి పడిపోయిన చెట్టు ఒకటి ఉంది. పక్కన నడిచిపోయేవారు నిజంగా కూలిన చెట్టే అనుకునే అవకాశం ఎక్కువ. దగ్గరకు వెళితే కంచు. ఇది 1999 నాటి పెనోనె శిల్పం. దాని పేరు 'అచ్చుల చెట్టు'. ఇక్కడ అచ్చులంటే స్వరాక్షరాలు. పడిపోయిన ఆ కంచుచెట్టు కొమ్మలు నేలను తాకే ఐదు చోట్ల ఐదు సజీవవృక్షాలను నాటారు. రోమన్ లిపిలోని ఐదు అచ్చులకు అవి ఐదు ప్రతినిధులు.

ఫ్రెంచిలో గాని ఇటాలియన్‌లో గాని ఈ పేరుకు ఒక్కటే అర్థం. తెలుగులోకి రాగానే అది రెండుగా చీలుతుంది. స్వరాక్షరాన్ని సూచించే 'అచ్చు' పాణిని ప్రత్యాహారమైన 'అచ్' నుంచి వచ్చింది. మూసనూ ముద్రనూ సూచించే 'అచ్చు' తమిళ, కన్నడ, మలయాళాలలోనూ ఉన్న ద్రావిడ పదం. పుట్టుక వేరైన రెండు మాటలు తెలుగులో ఒకే ధ్వనిలో కలిశాయి. ఇది శిల్పి ఉద్దేశించిన శ్లేష కాదు. శ్లేషను ఆధారం చేసుకుని అర్థాన్ని నిరూపించడం విమర్శ పద్ధతి కూడా కాదు. అయితే అచ్చుపోసిన చెట్టుకు అచ్చుల పేరెందుకు పెట్టారన్న ప్రశ్న శిల్పంలోనే ఉంది. తెలుగు ఆ ప్రశ్నను తప్పించుకోలేని విధంగా మన ముందు పెడుతున్నది.

ఈ ప్రశ్నకు సమాధానం మన వ్యాకరణ పరిభాషలో దొరుకుతుంది. సంప్రదాయ తెలుగు వ్యాకరణం అచ్చులను ప్రాణాలనీ హల్లులను ప్రాణులనీ వ్యవహరించింది. అచ్చు తోడులేనిదే హల్లు పలకదు, పొల్లుగా మిగిలిపోతుంది. ప్రాణమంటే ఊపిరి. అడ్డులేకుండా వెలువడే ఊపిరే అచ్చు. పెనోనె ఊపిరిని శిల్పవస్తువుగా చేసినవాడన్నది ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1978 నాటి 'శ్వాస' శిల్పాలలో అతడు నోటి నుంచి వెలువడే గాలికి మట్టితో నిలువెత్తు ఆకారం కట్టి, దాని మీద తన దేహపు ముద్రనూ నోటి లోపలి ముద్రనూ నిలిపాడు.

ఈ వెలుగులో చూస్తే ట్యూలరీలోని కంచుమాను పొల్లు వంటిది. ఆకారం సంపూర్ణంగా ఉంది, ఊపిరి లేదు. దాని కొమ్మ నేలను తాకిన చోట నిలిచిన సజీవవృక్షం ఆ పొల్లుకు చేరిన ప్రాణం. రోమన్ లిపిలో అచ్చు హల్లు పక్కన వేరే అక్షరంగా నిలుస్తుంది. తెలుగు గుణింతంలో అది తలకట్టుగా, గుడిగా, కొమ్ముగా హల్లు దేహానికే అంటుకుని పుడుతుంది. కంచు కొమ్మ కొసను ఆనుకుని మొలిచిన చెట్టుకు రోమన్ వరుస కంటే మన గుణింతమే దగ్గర పోలిక. ఏటేటా ఆ ఐదు చెట్లూ ఆకులు రాల్చి చిగురుస్తుంటే, అదే కంచు హల్లు ప్రతి రుతువులోనూ వేరువేరుగా పలుకుతుంది.

ఇక్కడ 1968 నాటి వాక్యం తిరగబడింది. అప్పుడు పెరగని లోహం పెరిగే చెట్టును తాకింది. ఇప్పుడు పెరగని లోహవృక్షాన్ని పెరిగే చెట్లు తాకుతున్నాయి. రెండు చోట్లా శిల్పం లోహంలో పూర్తికాలేదు. సజీవవృక్షాన్ని తీసివేస్తే రెండూ నిరర్థకమవుతాయి. ప్రవేశికలో వేసిన ప్రశ్నకు ఇదే కొలత. సజీవమైనదాన్ని పక్కన పెట్టుకోకుండా అర్థం పూర్తికాని లోహవృక్షం చెట్టుకు బదులుగా ఎన్నడూ నిలవలేదు.

7. అభ్యంతరాలు, పరిమితులు

ఈ ప్రతిపాదనకు మూడు అభ్యంతరాలు రావచ్చు.

మొదటిది పదార్థానికి సంబంధించినది. కంచు కరగడానికి ఇంధనం కావాలి. గనుల తవ్వకం కావాలి. చెట్టును గౌరవించే శిల్పం అడవికి చేటు చేసే పరిశ్రమ మీద ఆధారపడడం వైరుధ్యం కాదా? ఈ వైరుధ్యం ఉన్నదని ఒప్పుకోవాలి. పేద కళగా మొదలైన మార్గం పెద్ద సంస్థలు మాత్రమే భరించగల కంచుమానుల దాకా వచ్చిందన్నదీ నిజమే. ఒక లేతచెట్టు, ఒక పిడికిలి, కొద్దిపాటి లోహం సాధించినదానికంటే తరువాతి మహాకాయాలు ఎక్కువ సాధించాయా అన్న సందేహం న్యాయమైనదే. ఈ వ్యాసకర్త దృష్టిలో 1968 నాటి చేయిని మించిన శిల్పాన్ని పెనోనె మళ్ళీ చేయలేదు.

రెండవది భ్రాంతికి సంబంధించినది. దారిన పోయేవారు నిజమైన చెట్టే అనుకుంటే, ఆ శిల్పం కూడా చిత్రతురగమే కదా? భ్రాంతి ఉన్న మాట వాస్తవం. అయితే చిత్రతురగంలో భ్రాంతి ఆస్వాదానికి ఆధారం. ఇక్కడ భ్రాంతి తొలగడమే ఆస్వాదానికి ఆరంభం. కూలిన చెట్టు అనుకుని దగ్గరకు వెళ్ళినవాడికి చల్లని లోహం తగులుతుంది. ఆ తరువాతనే పక్కన నిలిచిన చెట్టు చెట్టుగా కనిపిస్తుంది.

మూడవది అన్నిటికంటే బలమైనది. పెనోనె కంచువృక్షాలన్నీ ఈ కొలతకు నిలుస్తాయా? నిలవవు. జర్మనీలోని కాసెల్ నగరంలో, 2012 డాక్యుమెంటా ప్రదర్శనకు రెండేళ్ళు ముందుగానే 2010లో నిలిపిన 'రాతి ఆలోచనలు' ఈ కొలతకు ఒక మేరకు నిలుస్తుంది. ఆకులేని కంచుచెట్టు తన కొమ్మల నడుమ పెద్ద బండరాతిని మోస్తుంటుంది. వెలుగు కోసం పైకి పోయే చెట్టు స్వభావమూ, బరువుతో కిందికి దిగే రాయి స్వభావమూ ఒకచోట కలుసుకున్నాయి. నిజమైన చెట్ల మధ్య నిలిచినందువల్ల అది ఉద్యానంలోని ప్రతి కొమ్మ మోస్తున్న కనిపించని బరువును మనకు గుర్తుచేస్తుంది. ఇదే పేరుతో మూడు కంచువృక్షాలు 2013లో మాడిసన్ స్క్వేర్ పార్కులో, అంటే ఆరేళ్ళ ముందు పెయిన్ ఉక్కుచెట్లు నిలిచిన చోటనే నిలిచాయి. వ్యాకరణ మార్గమూ అచ్చు మార్గమూ ఒకే నేల మీద పరీక్షకు నిలిచిన సందర్భం అది.

2017లో ప్రారంభమైన లూవ్ర్ అబుధాబిలోని 'వెలుగు ఆకులు' అనే శిల్పం ఈ కొలతకు నిలవదు. కంచుచెట్టు కొమ్మలలో అమర్చిన అద్దాలు గుమ్మటం నుంచి జారే వెలుగును ప్రతిఫలిస్తాయి. దృశ్యం మనోహరమే. కానీ అక్కడ చెట్టు వెలుగుకు ఆధారపీఠంగా మారింది. ఎవరు దేన్ని తాకారన్న ప్రశ్న పుట్టదు. అద్దం తాకకుండానే చూపగలదు. అచ్చుకు అది ఎదురు స్వభావం. స్పర్శను వదిలిన చోట పెనోనె కూడా రూపక మార్గంలో మరొకడు అవుతాడు.

8. ముగింపు

లోహవృక్షాన్ని విమర్శించడానికి పోలిక చాలని కొలత అన్న ప్రతిపాదనతో మొదలైన ఈ పరిశీలన మూడు మాటల దగ్గరకు చేరింది. అచ్చు స్పర్శను సూచిస్తుంది. చేవ జీవించిన కాలాన్ని మోసే నిర్జీవ బలాన్ని సూచిస్తుంది. చిలుము కాలాన్ని స్వీకరించే గుణాన్ని సూచిస్తుంది. పెనోనె శిల్పాలలో మేలైనవి ఈ మూడింటినీ కలిగి ఉన్నాయి. బలహీనమైనవి మొదటిదాన్ని పోగొట్టుకున్నాయి. ఈ మూడు మాటలూ వడ్రంగి పని నుంచి, వంటింటి నుంచి, వ్యాకరణం నుంచి వచ్చినవే. దృశ్యకళా విమర్శకు తెలుగులో పరిభాష లేదన్న మాటను పునఃపరిశీలించడానికి ఇవి చాలు. ఓఝాల పోతబొమ్మలనూ, మన ఊళ్ళలో ఇనుప తుక్కుతో రూపొందుతున్న శిల్పాలనూ ఈ మాటలతో పరిశీలించే పని మిగిలి ఉంది.

కూడలిలోని దీపాల చెట్టు విషయానికి మళ్ళీ వస్తే, దాన్ని అడగవలసిన ప్రశ్న ఇప్పుడు స్పష్టం. అది చెట్టులా ఉందా అన్నది అనవసరం. అది ఏ చెట్టును తాకింది, దాని పక్కన ఏ చెట్టు పెరుగుతున్నది అని అడగాలి. రెండింటికీ సమాధానం లేనప్పుడు అది ప్రాణం చేరని పొల్లు మాత్రమే.